ఎక్కిరానివారు: లేరు

ఆ పొద్దు గొడవ సబ్బు దగ్గర మొదలైంది.

సామయ్య తన డ్యూటీ తువ్వాలును ఒంటి సబ్బుతో ఉతికాడు. బట్టల సబ్బు పక్కనే, సిమెంటు గట్టు మీద నాని మెత్తబడి ఉంది. అయినా చేతికి ముందు అందింది ఒంటి సబ్బే కాబట్టి, బొగ్గు పట్టిన తువ్వాలుకు దాన్నే బరబరా రుద్దేశాడు. డెబోరా స్నానానికి వెళ్లేసరికి అది నల్లగా, నడుమ గుంటపడి, అచ్చం పొయ్యిలోంచి తీసిన పెళ్లలా ఉంది.

"గిదేంది? నిన్న గాక మొన్న తెచ్చిన సబ్బు. మొఖానికి పెట్టుకునుడెట్ల?" అంది తలుపు సందులోంచి.

"నీళ్లు పోస్తె పోతది. బొగ్గేమన్న విషమా? మేం రోజు మింగుతలేమా?"

"మింగేటోనివి మింగు. మాకెందుకు పూస్తవు?"

పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతున్న హన్నమ్మ తల ఎత్తకుండానే అందుకుంది. "ఓ పిల్లా, డ్యూటీకి పొయ్యే మనిషితోని పొద్దుపొద్దుగాల గా మాటలేంది? సబ్బు పోతె సబ్బు వస్తది."

"మీ కొడుకు బొగ్గు తెచ్చి అన్నంల కలిపినా మీరు గట్లనే అంటరు, అత్తమ్మా."

"కలిపితె తింటం. తినకనే పెరిగినమా?"

సామయ్య నవ్వి ఉంటే గొడవ అక్కడే ఆగిపోయేది. కాని వాడు నవ్వలేదు. తువ్వాలును పిండి దండెం మీదికి విసిరి, బూట్లు తొడుక్కుని, డబ్బా కూడా అందుకోకుండా బయటికి నడిచాడు. హన్నమ్మ డబ్బా పట్టుకుని సందు మలుపు దాకా ఉరికింది. వాడు డబ్బా తీసుకున్నాడు గాని వెనక్కి తిరిగి చూడలేదు.

డెబోరాకు ఏదో ఒక మాట అనాలనిపించింది. సబ్బు గురించి కాదు, ఇంకేదైనా, ఊరికే. గని దిగే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ప్రార్థన చేసుకునే ఇల్లయినా, గోడ మీద వాక్యం రాసిన పటం ఉన్నా, ఈ కట్టుబాటు మాత్రం ఆ ఇంటిని విడిచిపెట్టలేదు. అందుకని ఆమె మాటను మింగేసి తలుపు దగ్గరే నిలబడింది. సకల జనుల సమ్మె ముగిసిన తర్వాతి చలికాలం అది. అడ్డగుంటపల్లి సందుల్లో పొగా మంచూ కలిసిపోయి, వాడి వీపు నాలుగు ఇళ్లు దాటకముందే కనబడకుండా పోయింది.

డెబోరా పనిచేసేది చౌరస్తా దగ్గర, సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉన్న సదానందం కంప్యూటర్ సెంటర్‌లో. పెళ్లి పత్రికలు, చర్చి కూడికల కరపత్రాలు, కంట్రాక్టర్లకు కావలసిన కాగితాలు అక్కడ తయారవుతాయి. కరీంనగర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివిన మనిషి కాబట్టి కష్టమైనవి ఆమె బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఒకటి ఆమె భర్త పనిచేసే గని కంట్రాక్టరుది.

కంపెనీ కార్మికులకు నంబరుంటుంది, ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని గేటు దగ్గర ఇచ్చిపోతారు, ఎక్కాక తీసుకుంటారు. కొక్కేనికి బిళ్ల వేలాడుతూ ఉంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. కంట్రాక్టు మనుషులకు నంబరు లేదు, బిళ్ల లేదు. బొగ్గు మోసే బెల్టు కింద రాలింది ఎత్తేవాళ్లకు, నీళ్లు చేరే సంపుల్లో బురద తీసేవాళ్లకు ఉన్నది పేరొక్కటే. కంట్రాక్టరు మున్షీ సదయ్య పొద్దున దిగినవారి పేర్లు, సాయంత్రం ఎక్కినవారి పేర్లు గేటు పక్క గదిలో కంప్యూటర్‌లో కొడతాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, దిగినవారిలోంచి ఎక్కినవారిని తీసేసి, మిగిలినవారిని 'ఎక్కిరానివారు' అన్న శీర్షిక కింద అచ్చు వేసే పని డెబోరా రాసిన స్టైల్‌షీటు అనే సూచనల ఫైలుది. ఏ పేరు తర్వాత ఏ పేరు రావాలో, ఏ రెండు పేర్లను ఒకటిగా చూడాలో అందులో ఒక్కొక్క వరుసగా రాసి ఉంటుంది. యంత్రం ఆ వరుసలు దాటి ఒక్క అడుగు వేయదు.

మొదట్లో అది రోజూ ఎవరో ఒకరి పేరు చూపించేది. సదయ్య వేళ్లు లావు, చూపు తక్కువ. పొద్దున ఇంటిపేరు తర్వాత చుక్క పెట్టిన చోట సాయంత్రం మరిచిపోయేవాడు. ఇంటికి పోయి కల్లు తాగుతున్న మనిషి కాగితం మీద గనిలో ఉన్నట్టు వచ్చేది. కంట్రాక్టరు విసుక్కున్నాడు. "జెర చూసీచూడనట్టు పొమ్మను దాన్ని, అమ్మా," అన్నాడు సదానందం. చిన్న చిన్న తేడాలు పట్టించుకోవద్దని డెబోరా ఒక వరుస చేర్చింది. అప్పటి నుంచి రోజూ ఒకటే మాట వచ్చింది, ఎక్కిరానివారు: లేరు. అందరి మనసులూ నిమ్మళించాయి.

సబ్బు గొడవ జరిగిన రోజే సదానందం కొత్త మాట తెచ్చాడు. "పేర్లు అకారాది లెక్కన వస్తలేవంటుండు కంట్రాక్టరు సారు. భాషేందో తెలుగు పెట్టాలెనట గద, చూడు."

డెబోరా తెరిచి చూసింది. భాష ఇంగ్లీషని ఉంది. ఎప్పుడో ఒక ఇంగ్లీషు కాగితానికి రాసినదాన్ని తెచ్చి దీనికి వాడింది, ఆ వరుస మార్చలేదు. మార్చేముందు పరీక్షకని చిన్న ఫైళ్లు రెండు చేసింది. దిగినవారిలో తోచిన పేర్లు కొట్టింది: భర్త పేరు ఆరెపల్లి సామయ్య, వెనక సందులో ఉండే ఆరెపల్లి సోమయ్య, ఇంకొందరు. ఇంటిపేరు కలిసిందే గాని సోమయ్యతో చుట్టరికం లేదు, వాళ్లది ఎల్లమ్మకు చేసుకునే ఇల్లు. ఎక్కినవారిలో సోమయ్యను వదిలేసి మిగతా అందరినీ రాసింది.

ఎక్కిరానివారు: లేరు.

ఫైలు సరిగా దాచలేదేమో అనుకుంది. మళ్లీ దాచి, మళ్లీ నడిపింది. లేరు. ఈసారి సోమయ్యను చేర్చి సామయ్యను తీసేసింది. లేరు.

కుర్చీలో వెనక్కి వాలింది. ఆ తర్వాత మెల్లగా తెలిసివచ్చింది. ఇంగ్లీషు పద్ధతికి గుడి, దీర్ఘం, ఓత్వం అక్షరాలు కావు. పరాయి భాషల్లో అక్షరం నెత్తిన పెట్టే చుక్కలాంటివి, అంతే. చిన్న తేడాలు పట్టించుకోవద్దని తనే చెప్పింది కదా, అది గుణింతాలన్నీ గీకేసి చూస్తోంది. గీకేస్తే సామయ్యా సోమయ్యా ఒకడే. ఇద్దరు దిగి ఒక్కడు ఎక్కినా చాలు, ఆ కాగితానికి ఇద్దరూ ఎక్కినట్టే.

కిటికీ అవతల బస్టాండులోకి బసంత్‌నగర్ బస్సు తిరుగుతోంది. మొదటి షిఫ్టు ఇంకా లోపలే ఉంది. పొద్దున వెనక్కి చూడకుండా పోయిన మనిషి లోపలే ఉన్నాడు. భాష తెలుగని మార్చింది. నడిపింది. తెల్లని తెర మీద ఒక్క పేరు వచ్చింది: ఆరెపల్లి సామయ్య. రావలసిందే వచ్చింది. అయినా 'ఎక్కిరానివారు' అన్న అక్షరాల కింద ఆ పేరు చూసి ఆమె గబుక్కున తెర మూసేసింది.

"అన్నా, ఇది ఈ పొద్దే తీస్కపొయ్యి పెట్టాలె," అని జరిగిందంతా చెప్పింది.

సదానందం విన్నాడు. పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. "పెడత. కని ఇన్ని దినాలు తప్పు నడిచిందని ఎవ్వలతోని అనకు. మీ ఆయన గూడ ఆడనే పనిచేస్తుండు, యాదికుంచుకో."

ఆ సాయంత్రం సామయ్య ఆలస్యంగా వచ్చాడు. సైకిలు గొలుసు తెగి నడిపించుకుంటూ వచ్చాడట. వచ్చే దాకా డెబోరా వాకిలి ఊడ్చిందే ఊడ్చింది. వాడు బట్టల సబ్బుతో మొహం కడుక్కుని, చూశావా అన్నట్టు ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆమె సబ్బు మాట ఎత్తలేదు. కాగితం సంగతి చెప్పింది.

వాడు పడిపడి నవ్వాడు. "అంటె నేను లోపల సచ్చినా సోమిగాడు ఎక్కితె నేను ఎక్కినట్టేనా? బాగుంది గద. ఇగ నాకు పానంతోని పనేంది, వాడు సల్లగుంటె సాలు."

"థూ, ఏం మాటల్రా అవి!" అని హన్నమ్మ వాడి భుజం మీద ఒక్కటి వేసింది.

"నవ్వులాట కాదయ్యా. సదయ్య కాకకు నువ్వన్న చెప్పు."

నవ్వు ఆగిపోయింది. "చెప్తె ఏమంటడు? నీ పెండ్లాం చేసిన కాయితం నీకే నచ్చకపోతె ఇంట్ల కూసోమంటడు. లోపల మేం ఒకర్నొకరం చూసుకుంటం తియ్యి. ఫికర్ చెయ్యకు."

మర్నాడు డెబోరాకు నమ్మకం కుదరలేదు. పరీక్ష ఫైళ్లను కూడా సదానందం చేతికిచ్చి, గేటు గదిలోని కంప్యూటర్‌లోనే నడిపి అచ్చు తెమ్మంది. మధ్యాహ్నానికి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఎక్కిరానివారు: లేరు.

ఆ కంప్యూటరు ఎప్పటిదో, అందులో ఏమేం ఎక్కించారో ఆమె అడిగింది. ఆ గదిలోది పాత కంప్యూటరు. దానికి తెలుగు అక్షరాలు చూపించడం వచ్చు. తెలుగు పేర్లను ఒకదానితో ఒకటి పోల్చడం రాదు, ఆ పద్ధతి దానిలో ఎక్కించనే లేదు. తెలుగు పెట్టమంటే రాదని చెప్పదు. తప్పని చెప్పదు. చప్పుడు చెయ్యకుండా తనకు తెలిసిన ఇంగ్లీషు పద్ధతికే పోయి, అంతే నిబ్బరంగా లేరు అని అచ్చు వేస్తుంది.

"దానికి తెలుగు ఎక్కించాలె, అన్నా. సీడీ కావాలె."

"సీడీ హైదరాబాద్ నుంచి రావాలె. వచ్చే నెల కొత్త కంప్యూటరే పెడ్తరట."

"అయితె చూసీచూడనట్టు పొమ్మన్నది తీసేస్త. అక్షరం అక్షరం చూస్తది. తప్పు జరగదు."

"జరగదు. కని రోజు నలుగురైదుగురు ఇండ్లల్ల ఉన్నోళ్ల పేర్లు వస్తయి. సదయ్య లొల్లి పెడ్తడు. సారు నాకు ఫోన్ చేస్తడు. మొదటికే వస్తది కథ," అని సదానందం పెన్‌డ్రైవును తన సొరుగులో వేసి తాళం తిప్పాడు. కోపంగా కాదు. పెళ్లి పత్రికల కట్ట సర్దినంత మామూలుగా. "ఒక నెలకే గద. ఏం గాదు, అమ్మా."

ఏం గాదు. ఆ మాట ఆమెతోపాటే ఇంటికి వచ్చింది. రాత్రి కళ్లు మూసుకుంటే తెల్లటి కాగితం, దాని మీద ఒకే మాట.

మూడో రోజు సాయంత్రం మొదటి షిఫ్టు విడిచే సైరన్ మోగింది. డెబోరా ముందే పని ముగించుకుని ఇంట్లో ఉంది. బియ్యం కడిగింది. సందులో మొదటి సైకిళ్లు వచ్చాయి, తర్వాత నడిచి వచ్చేవాళ్లు వచ్చారు. సామయ్య రాలేదు. బియ్యం మళ్లీ కడిగింది. ఇంకొందరు వచ్చారు. ఆమె చెయ్యి తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

"ఏడికి?" అంది హన్నమ్మ.

"గేటు కాడికి."

హన్నమ్మ చేతిలోని చేట జారింది. "వద్దు బిడ్డా. ఆడోళ్లు గేటు కాడ నిలవడద్దు. నువ్వు ఉత్తగనే పొయ్యి నిలవడ్డా, పిలిచినట్టయితది."

"దేన్ని పిలిచినట్టు?"

హన్నమ్మ దాని పేరు చెప్పలేదు. డెబోరా అప్పటికే సందులో ఉంది.

గని బస్తీల్లో ఆడది గేటు వైపు వడివడిగా నడిస్తే దానికి ఒకటే అర్థం. కూరగాయలు ఏరుతున్న వెనక సందు పూలమ్మ ఆమెను చూసింది, బుట్ట అక్కడే వదిలేసింది. "డెబోరక్కా! ఏమైంది?"

"ఏం కాలే, చెల్లె. ఊకెనే పోతున్న."

ఊరికే ఎవరూ ఆ దారిన పోరు. పూలమ్మ వెనక ఐలవ్వ, ఐలవ్వ వెనక ఇంకెవరో. చింతపండు చేతులతో ఒకతె, పిల్లను చంకనేసుకుని ఒకతె. "ఏ సైడు? ఎంతమంది?" అని అడుగుతున్నారు, జవాబు వినకుండానే ఏడుస్తున్నారు. డెబోరా ఆగి, చేతులు అడ్డం పెట్టి, ఏం జరగలేదు, ఒట్టు, అంటోంది. ఏదో జరిగినప్పుడే అలా అంటారని వాళ్లందరికీ తెలుసు. గేటు దగ్గరికి చేరేసరికి ఆమె వెనక ఒక గుంపు ఉంది. ఐలవ్వ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది.

కాపలావాడు బెదిరిపోయి లోపలికి ఉరికాడు. సదయ్య ధోతి అంచు ఎత్తిపట్టుకుని వచ్చాడు, చేతిలో కాగితం. "ఏందవ్వా ఈ లొల్లి? ఎవ్వలు చెప్పిండ్రు మీకు? ఇగో, కాయితం చూడుండ్రి. అందరు ఎక్కిండ్రు. ఎక్కిరానోళ్లు లేరు."

సరిగ్గా అప్పుడే సామయ్య, అంతకుముందే సదయ్య దగ్గర పేరు కొట్టించి, లైటు గంపలో పడేసి బయటికి వచ్చాడు. మనుషులను లాగే తాడు ఆగిపోతే నడిచి ఎక్కినవాళ్లలో వాడొకడు. మొహం నిండా బొగ్గు, చెమట. గేటు ముందు అంతమంది ఆడవాళ్లను, వాళ్ల ముందు నిలబడ్డ తన భార్యను చూసి కళ్లు తెల్లబడ్డాయి.

డెబోరా వాడిని పైనుంచి కిందికి చూసుకుంది. దేవా అనుకుంది, అంతకు మించి ఏమీ అనుకోలేకపోయింది.

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒకతె నవ్వింది. ఇంకొకతె, "మా పానం తీస్తివి గదనే, పొయ్యిల పప్పు మాడిపోయుంటది," అని తిట్టింది. గుంపు విడిపోయింది. పూలమ్మ కూడా బుట్ట గుర్తొచ్చి గబగబా వెనక్కి నడిచింది.

దారిలో సామయ్య సైకిలు నడిపిస్తూ పళ్లు నూరాడు. "సిగ్గు తీస్తివి. రేపు సదయ్య మొఖం ఎట్ల చూడాలె నేను? నేనేమన్న పాల పోరన్నా, బడి ఇడిసేటాల్లకు వచ్చి నిలవడతవు?"

డెబోరా వింటూనే ఉంది. తిడుతున్నాడు, అంటే బతికున్నాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో. వచ్చాడు. సామయ్య ఎక్కి వచ్చాడు. సదయ్య కాగితంలో సామయ్య ఎక్కినట్టు...

ఆమె ఆగిపోయింది.

ఈ మూడు రోజులూ తన మొగుడి కోసమే భయపడింది. సోమయ్య పైకి వచ్చి సామయ్యను కప్పేస్తాడని భయపడింది. ఆ మాట తిరగేసి ఒక్కసారీ చూడలేదు.

"సోమయ్య ఏడి?"

"ఎవ్వలు?"

"పూలమ్మ మొగడు. నీతోని ఎక్కిండా?"

"వాణ్ని షిఫ్టు ఆఖర్ల పాత సంపు కాడికి తోలిండ్రు, బురద తియ్యనీకి. మొదటి ఖేప్‌కే, తాడు ఆగకముందే, ఎక్కి పోయుంటడు."

"నువ్వు చూసినవా? ఎవ్వలన్న చూసిండ్రా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైకిలు అక్కడే గోడకు ఆనించి వెనక్కి ఉరికారు.

సదయ్య గది తాళం వేస్తున్నాడు. "నీకు పిచ్చి లేసిందా, పిల్లా? కాయితం నీదే గదా? నువ్వు చేసిందే గదా?"

"నేను చేసిందే, కాకా. అందుకే చెప్తున్న. అది తప్పు. మా ఆయన ఎక్కితె సోమయ్య గూడ ఎక్కినట్టు చూపెడ్తది. దాన్ని నమ్మకు. సోమయ్య పైకి వచ్చింది నీ కండ్లతోని చూసినవా?"

"ఇంతమంది వస్తరు, ఎవన్నని చూస్త?"

"లైట్లు లెక్క వెట్టు మరి," అన్నాడు సామయ్య.

కంట్రాక్టు మనుషులు పైకి వచ్చాక తమ టోపీ లైట్లను గంపలో పడేస్తారు. వాటిని ఎవరూ తెల్లారేదాకా చూడరు. సదయ్య గంప దగ్గర వంగాడు. ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతూ ఉంటే అతని పెదవులు కదిలాయి. చివరికి గంప అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ లేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. లేచి నిలబడేసరికి అతని మొహం మీద చెమట పట్టింది.

"ఒకటి తక్కువున్నది," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

సామయ్య అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు. డెబోరా చెయ్యి వాడి మోచేతి దాకా వెళ్లి ఆగింది. వద్దు అనలేదు. లోపల రెండో షిఫ్టు పని చూసే సర్దారుకు ఫోను పోయింది. సామయ్య, ఇంకో ఇద్దరూ దిగారు. ఈసారి వాళ్ల పేర్లు ఎవరూ ఎక్కడా కొట్టలేదు.

ఎవరు చెప్పారో, పూలమ్మ తిరిగి వచ్చింది. ఏడవలేదు. డెబోరా పక్కన నిలబడి గేటు కమ్మీని పట్టుకుంది. కమ్మీ చలికి మంచుగడ్డలా ఉంది. "అక్కా, కాయితంల ఎక్కిండనే ఉన్నది గద?" అని అడిగింది. డెబోరా తల అడ్డంగా ఊపింది. పూలమ్మ దూరం జరగలేదు. ఆ జరగకపోవడమే డెబోరాను ఎక్కువ నలిపింది.

చీకటి పడుతుండగా లోపలి నుంచి మాటలు వినిపించాయి. తర్వాత లైట్లు. పాత సంపు దగ్గర పక్క గోడ పెళ్ల ఊడి సోమయ్య కాలు మీద పడింది. లైటు పగిలింది. అరిచి అరిచి గొంతు పోయి, చీకట్లో తన డబ్బా మూతతో బండను కొడుతూ కూర్చున్నాడట. స్ట్రెచర్ మీద వాడి మొహం బొగ్గు కింద బూడిదలా ఉంది. పూలమ్మను చూసి పెదవులు కదిపాడు, మాట రాలేదు. దవాఖాన బండి వాళ్లిద్దరినీ ఎక్కించుకుని పోయింది.

సామయ్య చివరగా వచ్చాడు. వాకిట్లో కూర్చుని చేతులు చూసుకున్నాడు. "మేం ఒకర్నొకరం చూసుకుంటమంటిని," అన్నాడు చివరికి, నేల వైపు చూస్తూ.

మర్నాడు సదానందం సెంటర్ తెరవగానే ఫోన్లు మొదలయ్యాయి. సాయంత్రానికి అతను కుర్చీ జరుపుకుని డెబోరా బల్ల ముందు కూర్చున్నాడు.

"సోమయ్యకు కాలు ఉంటదంటుండ్రు, మంచిదే అయింది. సీడీ గూడ పొద్దుగాలనే వచ్చింది, తెలుగు ఎక్కిచ్చిండ్రు. నేనే నడిపి చూసిన, ఒకని పేరు తీస్తె వాని పేరే వస్తుంది. ఇగ నీ కాయితానికి డోకా లేదు." గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. సారు గేటు కాడ ఆడోళ్ల లొల్లి సంగతి విన్నడు. ఇగ ముందుకు ఏ ఆడమనిషి గేటు కాడ కనవడ్డా, ఆమె మొగని పేరు తెల్లారి మస్టర్ల ఉండదన్నడు. నీకు చెప్పుమన్నడు."

"బిళ్లలు ఇస్తరా, అన్నా? కంపెనీ వాళ్లకు ఉన్నట్టు?"

"బిళ్లలెందుకు? కాయితం మంచిగయింది గద."

నిన్నటి దాకా రాని సీడీ ఒక్క పూటలో వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు నిజంగానే మంచిదైంది. డెబోరా దాన్ని ఆ రోజు ఎన్ని రకాలుగా పరీక్షించినా తప్పు దొరకలేదు. దొరకకపోయేసరికి భయం తగ్గాల్సింది. తగ్గలేదు. మంచిదైన కాగితాన్ని ఇంకా గట్టిగా నమ్ముతారు. గంపలో లైట్లు ఇక ఎవరూ లెక్కపెట్టరు. గేటు దగ్గర మనిషి మొహం చూసేవాళ్లే ఉండరు. రేపు ఇంకే వరుస ఎక్కడ, ఎవరిని మింగుతుందో తను రాసిన తనకే తెలియదు.

అన్నాల వేళ ముగ్గురూ కూర్చున్నారు. హన్నమ్మ ప్రార్థన చేసింది. సోమయ్య కాలు కోసం చేసింది, పూలమ్మ కోసం చేసింది, ఆమేన్ అన్నాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు. చారు, వంకాయ కూర. సామయ్య కలుపుతున్నాడు గాని తినడం లేదు.

"సదయ్య చెప్పిండు," అన్నాడు. "గేటు కాడికి నువ్వు వస్తె నా పేరు తీసేస్తరట. వద్దు డెబోరా. నువ్వన్నది నిజమే, కాదంటలేను. కని వద్దు. ఈ పని గూడ పోతె ఏం జేద్దాం?"

డెబోరా కంచంలోకి చూస్తూ ఉంది. నేను వెళ్తాను అనే ధైర్యం ఆమెలో లేదు. వెళ్లను అనడానికీ నోరు రావడం లేదు. రేపు సైరన్ మోగినప్పుడు ఈ ఇంట్లో బియ్యం కడుగుతూ కూర్చోవడం ఎలాగో ఊహకు అందడం లేదు.

"దాన్ని ఎందుకు సతాయిస్తవురా?" అంది హన్నమ్మ. "అది రాదు. అది పనికి పోతది."

సామయ్య ఊపిరి వదిలాడు. "గదే నేననేది."

హన్నమ్మ కొడుకు కంచంలో ఇంకో గరిటె చారు పోసింది. "పెండ్లాం కనవడితె పేరు తీస్తమన్నరు గద. నాకు మొగడు లేడు. నాకెవ్వని పేరు తీస్తరు?"

"అవ్వా, నువ్వేం మాట్లాడుతున్నవు?"

"మీ బాపు గనిల పోయిన దినం నేను గేటు కాడికి పోలే. పోవద్దన్నరు, పోలే. పోకున్నా వాడు పాయె." గరిటె గిన్నెలో పెట్టింది. "రేపటి నుంచి మొదటి షిఫ్టు ఇడిసేటాల్లకు నేను పోత. కంట్రాక్టోళ్లు ఒక్కొక్కరు ఎక్కంగ పేరు వెట్టి పిలుస్త. పలికేదాక ఆడికెల్లి కదల. పొద్దుమీకినా కదల. తినుండ్రి ఇగ, చారు సల్లారుతుంది."